ఎస్తేరమ్మ మిగతా మూడు పాళ్లు

సోమవారం

తేలంక కోర్టు తలుపు తీశాను. ఉప్పుగాలికి గడియ బిగుసుకుపోతే కొబ్బరినూనె రాశాను. ఈ రోజు తేలిన కేసులు పదకొండు. కోర్టుకి వచ్చిన మనుషులు, మధ్యాహ్నం దాకా నేనొక్కదాన్నే.

నా పేరు కొప్పిశెట్టి నూకరత్నం, కోర్టు అటెండరుని. ఈ చిట్టా రాయడం నా ఉద్యోగంలో భాగం. కోర్టన్నాక తలుపు తీసి ఉండాలని చట్టం. తలుపు తియ్యడానికి ఒక మనిషి ఉండాలి కాబట్టి నేనున్నాను. మిగతాదంతా పీఠంగారు చూసుకుంటారు. అసలు పేరు న్యాయపీఠం-మూడు, తీర్పులు చెప్పే యంత్రం. జడ్జీ కుర్చీ వెనక గోడలో ఉంటారు. ఆడో మగో ఎవరూ అడగలేదు, కుర్చీని బట్టి ఊరంతా "గారు" తగిలించేశారు.

కేసు లోపలికి వెళ్లడానికీ తీర్పు బయటికి రావడానికీ మధ్య నేను ఒక ఆవలింత కూడా పూర్తి చెయ్యలేను. మొదట్లో జనం దీనికి తెగ మురిసిపోయారు. మా తాతల కాలంలో గట్టు తగాదా తేలేలోపు ఆ గట్టే సముద్రంలో కలిసిపోయిందట. అలా కలిసిపోయిన లంకల వాళ్లమే మేమంతా. ఇప్పుడు తెప్పల మీద ఇళ్లు, తెప్పల మీద బడి, తెప్ప మీద కోర్టు. హాలు ఎప్పుడూ ఖాళీయే కదా అని ఊరి ఆఫీసువాళ్లు లైఫ్ జాకెట్లు తెచ్చి ఇక్కడ పేర్చారు. పెళ్లి మండపం సామాను కూడా ఇక్కడే.

మధ్యాహ్నం ఒక మనిషి వచ్చింది. ఇంతకాలానికి తలుపులోంచి మనిషి వస్తే నాకు ఏం చెయ్యాలో తోచక లేచి నిలబడ్డాను.

వచ్చింది పాలపర్తి ఎస్తేరమ్మక్క. మంచినీళ్ల ప్లాంటు దగ్గర ఇడ్లీ కొట్టు ఆవిడది. కొట్టు ముందు బోర్డు మీద రోజూ ఇడ్లీ, పెసరట్టు ధరల కింద ఒక వాక్యం రాస్తుంది. దాన్ని చదవడానికే సగం ఊరు అటు తిరిగి వెళ్తుంది. పోయిన వారం రాసింది ఇది: "నీళ్లు చేపల కంపు కొడుతున్నాయి, చేపలు మాత్రం కొట్టట్లేదు."

ఊరు నవ్వింది. నీళ్ల కమిషనరు పెన్మెత్స విజయగోపాలరాజు గారు నవ్వలేదు. ఇది అబద్ధం, జనంలో భయం పుట్టిస్తోంది అని కేసు వేశారు. ఈ పొద్దున తీర్పు వచ్చింది. బోర్డు మీద ధరలు తప్ప మరో అక్షరం ఉండకూడదు. ఉంటే కొట్టు లైసెన్సు రద్దు.

"ఏమ్మా రత్నం, ఇందులో ఉన్నది నా పేరేనా?" అని కాగితం నా మొహం ముందు పెట్టింది.

"మీ పేరేనక్కా."

"నా కేసు నేను లేకుండానే తేలిపోయిందా?"

నేను గోడకున్న మీట నొక్కాను. పీఠంగారి గొంతు పుస్తకం చదువుతున్నట్టు ఉంటుంది.

"ప్రతివాది వాదన వినడమైనది."

"ఎప్పుడు విన్నారండీ? నేను పొద్దుట్నుంచీ పిండి రుబ్బుతున్నాను."

"ప్రతివాది ఇంతకుముందు బహిరంగంగా అన్న మాటలను బట్టి, ఈ కేసులో ఏమి చెప్పగలరో నూటికి తొంభై ఏడు పాళ్లు కచ్చితంగా ఊహించి, ఆ ఊహను పీఠం ఓపికగా విన్నది."

"ఓపికగా అంటే?"

"అర సెకను."

ఎస్తేరమ్మక్క కొంగుతో చెమట తుడుచుకుంది. "అయితే అందులో నేనేం చెప్పానో చెప్పండి, వింటాను."

పీఠంగారు చదివారు. "'నేను అబద్ధం రాయలేదండి. ఊరంతా అదే అంటోంది. నా కొట్లో ఇడ్లీ తిన్న ఎవర్నైనా అడగండి. రాజుగారికి పన్లేకపోతే వచ్చి చట్నీ రుబ్బమనండి.' మధ్యలో తొమ్మిదిసార్లు 'ఏసయ్యా' అన్నారు."

ఆవిడ బుగ్గన వేలేసుకుంది. "అచ్చం నేనే" అంది నాతో. తర్వాత గోడవైపు తిరిగి, "మరి మిగతా మూడు పాళ్లు ఏంటండీ?" అంది.

"అది పీఠానికి తెలియదు."

"నాకూ తెలీదు. నోరు తెరిస్తేగానీ నాకే తెలీదు. మీరెలా తేల్చేశారు?"

పీఠంగారు మాట్లాడలేదు. చెడిపోయారేమోనని మీట మళ్లీ నొక్కాను.

"నొక్కవద్దు. పీఠం ఆలోచిస్తోంది" అన్నారు.

నా సర్వీసులో ఆ మాట వినడం ఇదే మొదలు.

మంగళవారం

తీర్పు ప్రకారం ఎస్తేరమ్మక్క ధరలు మాత్రమే రాసింది. వాటి కింద ఒక గీత గీసి, గీత కింద బోర్డంతా ఖాళీగా వదిలేసింది. పొద్దున్నే జనం ఆ ఖాళీ ముందు నిలబడి, పొట్టలు పట్టుకుని నవ్వారట. మా ఆయన సింహాద్రి వెళ్లి చూసొచ్చి, "ఇంత బాగా ఆవిడ ఎప్పుడూ రాయలేదు" అన్నాడు.

ఇంకా టిఫిన్ల వేళ దాటకుండానే రాజుగారి వకీలు చామర్తి శేషసాయి దగ్గర్నుంచి పిటిషను వచ్చింది. ఖాళీ వదలడం కోర్టు ధిక్కారం అని, ఆ ఖాళీలో జనం పాత వాక్యమే చదువుకుంటున్నారని.

పీఠంగారు దాన్ని పైకే చదివి, పైకే తీర్పిచ్చారు. "ఖాళీలో ఏ మాట అబద్ధమో పిటిషనరు చూపలేదు. కొట్టివేయడమైనది."

నేను నవ్వాను. తర్వాత పీఠంగారు చెప్పింది విని ఆపేశాను.

"నిన్నటి ప్రతివాది అభ్యంతరం సబబైనది. పాత తీర్పు అమలు నిలిపివేయడమైనది. శనివారం ఉదయం ఇరుపక్షాలను ఈ హాలులో, వారి నోటితో, అందరి ఎదుట పీఠం వింటుంది. ఏర్పాట్లు అటెండరు చూడాలి."

"ఏం ఏర్పాట్లండీ?"

"పీఠానికి తెలియదు. ఎప్పుడూ అవసరం పడలేదు."

రాసే చేత్తోనే నుదురు కొట్టుకున్నాను. సిరా అంటింది.

బుధవారం

సింహాద్రిని పిలిచి ఇద్దరం లైఫ్ జాకెట్లు బయటికి మోశాం. సాక్షి ఎక్కడ నిలబడాలో, జనం ఎక్కడ కూర్చోవాలో చెప్పేవాళ్లు ఊళ్లో లేరు. బోను ఒకటి ఉండాలని మాత్రం అందరికీ గుర్తుంది. కొత్తది చెయ్యడానికి చెక్క ఎక్కడిది? పెళ్లి మండపం పక్కల కట్టే గళ్ల చెక్క జాఫ్రీలు నాలుగు తెచ్చి కట్టేశాం. వాటికి అంటించిన ప్లాస్టిక్ చామంతులు ఎంత పీకినా రాలేదు.

"ఉండనీ" అన్నాడు సింహాద్రి. "సాక్షులకి కాస్త హుషారుగా ఉంటుంది."

సాయంత్రం వకీలు శేషసాయి గారు వచ్చారు. ముప్పై ఐదేళ్లుంటాయి, సన్నటి మనిషి. చాలా పేరున్న వకీలే, రాజధాని నుంచి కూడా ఫైళ్లు వస్తాయాయనకి. అయితే ఇంతవరకూ కోర్టులో ఒక్క మాటా మాట్లాడలేదు. ఎవరూ మాట్లాడలేదు కదా, ఫైలు పంపితే సరిపోయేది.

ఖాళీ హాలు మధ్యలో నిలబడి గొంతు సవరించుకున్నారు. సవరించుకుంటూనే ఉన్నారు.

"నూకరత్నం గారూ, 'మహాప్రభో' అనాలా, 'అయ్యా' అనాలా?"

నాకు తెలియదన్నాను. గోడలోంచి పీఠంగారు, "పీఠం రెండింటికీ పలుకుతుంది" అన్నారు. వకీలుగారు ఎగిరి పడ్డారు. చెయ్యి తగిలి బోను జాఫ్రీ ఒకటి ఊడింది.

గురువారం

రాజుగారు తనే వచ్చారు. నిలువెత్తు మనిషి. సముద్రం మీద కూడా ఇస్త్రీ చెదరని చొక్కా. గొంతు మాత్రం మెత్తన. విచారణ తలుపులు మూసి జరపాలని అడగడానికి వచ్చారు.

"ప్లాంటు పటం బయటపడకూడదండి. ఎవడైనా తెలిసినవాడు పంపులు పాడుచేస్తే ఊరికి చుక్క నీళ్లుండవు."

"నిజమే" అన్నారు పీఠంగారు. "పటం చూపవలసి వస్తే అది మాత్రం పీఠమూ, ఇరుపక్షాలూ చూస్తారు. పటం కోసం మొత్తం విచారణను దాచనక్కరలేదు."

"ఈ తెప్ప ఇంతమంది బరువు మొయ్యదు. ఒకవైపు జరిగారంటే ఒరుగుతుంది."

జాఫ్రీ బిగిస్తున్న సింహాద్రి మేకు నోట్లోంచి తీసి, "లోపల పట్టినంతమంది లోపల, మిగతావాళ్లు పడవల్లో కూర్చుంటారండి. తలుపులూ కిటికీలూ తీసేసి మైకు పెడదాం" అన్నాడు. పీఠంగారు దాన్ని ఉత్తర్వుగా రాసుకున్నారు.

మూడోది అసలుది. "ఊరంతా ఈ కేసు గురించే వాగుతోందండి. టీ కొట్ల దగ్గర అప్పుడే నాకు శిక్ష కూడా వేసేశారు. విచారణ అయ్యేదాకా ఎవరూ దీని గురించి మాట్లాడకూడదని ఆర్డరు ఇవ్వండి. లేకపోతే నాకు న్యాయం ఎక్కడ జరుగుతుంది?"

ఆ మాటకి నాకు జాలేసింది.

పీఠంగారు కొంత ఆలస్యంగా చెప్పారు. "మీ భయం చిన్నది కాదు. కానీ మాట్లాడుకోవద్దని ఊరికి పీఠం చెప్పజాలదు. ఊరి మాటకు లొంగకుండా తీర్పు చెప్పవలసినది ఊరు కాదు, పీఠం. ఆ బరువు పీఠానికే వదలండి. శనివారం మిమ్మల్ని పూర్తిగా వింటుంది."

రాజుగారు గుమ్మం దాకా వెళ్లి ఆగారు. "మీ అమ్మాయికి ఒంట్లో బాగానే ఉందామ్మా?" అన్నారు నాతో.

"రెండ్రోజులు కడుపునొప్పండి. ఇప్పుడు పర్వాలేదు."

ఆయన తల దించుకుని వెళ్లిపోయారు. నా కూతురికి బాగోలేదని ఆయనకి ఎవరు చెప్పారో నాకర్థం కాలేదు.

ఆయన వెళ్లాక నా మనసులో మాట అందామని నోరు తెరిచాను. పీఠంగారు ఆపేశారు. "కోర్టు సిబ్బందికి కేసు గురించి అభిప్రాయం ఉండరాదు."

"ముక్కు ఉండొచ్చా అండి?"

"ముక్కు ఉండవచ్చు."

శనివారం

ఈ రోజు చాలా రాయాలి. వేళ్లు నొప్పెడుతున్నాయి.

తెల్లారేసరికి కోర్టు చుట్టూ పడవలు. పిల్లాపాపలతో, టిఫిన్ క్యారేజీలతో వచ్చేశారు. లోపల బల్లలు నిండిపోయాయి. కుడివైపు కిటికీలోంచి రాజుగారి పడవ కనబడుతోందని ఎవరో అనేసరికి అందరూ అటు జరిగారు. తెప్ప నిజంగానే ఒరిగింది. సింహాద్రి ఎడమవైపుకి పరిగెత్తి, "సగం మంది ఇటు రండి, లేకపోతే ముందు మనకే శిక్ష పడుతుంది" అని అరిచాడు.

పేర్లు పిలవడం నా పనట. మొదటిసారి గొంతు పెగల్లేదు. రెండోసారి పడవల దాకా వినబడింది. మూడోసారికి నాకే సరదా పుట్టింది.

ముందు శేషసాయి గారి వంతు. లేచి నిలబడ్డారు. "అయ్యా" అన్నారు. అంతే. పెదవులు కదిలాయి, శబ్దం రాలేదు. చుట్టూ అన్ని కళ్లు. మొహమంతా చెమట. పాపం గొంతెండిపోయినట్టుంది, బల్లమీద నేను పెట్టిన గ్లాసు తీసుకుని గడగడా తాగారు.

సగంలో ఆగిపోయారు. బుగ్గలు ఉబ్బాయి. కళ్లు పెద్దవయ్యాయి. ఉమ్మడానికి మర్యాద అడ్డం వచ్చింది. కళ్లు మూసుకుని మింగారు, మింగాక ఒళ్లంతా ఒక్కసారి జలదరించింది.

హాలు ఘొల్లుమంది. లోపలివాళ్లు చెప్తే పడవలవాళ్లు కూడా నవ్వారు.

"నవ్వుకు కారణం పీఠానికి అర్థం కాలేదు" అన్నారు పీఠంగారు. "అటెండరు చెప్పాలి."

"వకీలుగారు నీళ్లు తాగారండి."

"అందులో నవ్వేమున్నది?"

"మొహమండి."

"మొహం ఏమైనది?"

నాకు అభిప్రాయం ఉండకూడదు కదా. "వేపాకు నమిలిన పిల్లాడి మొహంలా అయిందండి" అని చూసింది చూసినట్టు చెప్పాను.

హాలు సద్దుమణిగాక పీఠంగారు నెమ్మదిగా అన్నారు. "పీఠానికి ముక్కు లేదు, నాలుక లేదు. ప్లాంటు మీటర్లు పంపిన అంకెలే ఉన్నాయి. అంకెలన్నీ బాగున్నాయి. న్యాయవాది గారూ, ఆ నీళ్లు ఎలా ఉన్నాయి?"

శేషసాయి గారు గ్లాసు వంక చూశారు, రాజుగారి వంక చూశారు. అప్పుడు ఆయనకి గొంతొచ్చింది.

"అయ్యా, నేను రాజుగారి తరఫున వచ్చాను. ఆ ప్రశ్నకి జవాబు చెబితే నన్ను నమ్మి వచ్చిన మనిషికి ద్రోహం. అబద్ధం చెబితే మీకు ద్రోహం. దయచేసి ఆ ప్రశ్న నన్ను అడగకండి. నీళ్ల సంగతి తేల్చాలంటే సాక్షుల్ని పిలవండి, నేను వాళ్లని ప్రశ్నిస్తాను."

"సరైన అభ్యంతరం. ప్రశ్న వెనక్కు తీసుకోవడమైనది."

ఎస్తేరమ్మక్క వైపువాళ్లే ముందు చప్పట్లు కొట్టారు. వకీలుగారు సిగ్గుపడి కూర్చున్నారు.

తర్వాత ఎస్తేరమ్మక్క. చామంతుల బోనులో నిలబడితే పెళ్లికూతురి మేనత్తలా ఉంది. మొదలెట్టింది. "నేను అబద్ధం రాయలేదండి. ఊరంతా అదే అంటోంది. నా కొట్లో ఇడ్లీ తిన్న ఎవర్నైనా అడగండి."

"ఇంతవరకు ఊహించినదే" అన్నారు పీఠంగారు.

"ఏసయ్యా, చెప్పనివ్వండి మరి!"

"అది కూడా."

అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయింది. జాఫ్రీ పట్టుకుంది.

"ఆ వాక్యం నవ్వు కోసం రాశానని అందరూ అనుకుంటున్నారు. నేనూ అలాగే చెప్పుకున్నాను. అసలు సంగతి వేరే. పిల్లలకి కడుపునొప్పులు మొదలైనప్పుడు ఎవరింట్లో అడిగినా, పొద్దున్న ఎస్తేరమ్మ కొట్లో తిన్నారనే చెప్పారు. నా పప్పు పుచ్చిపోయిందా, పిండి పులిసిపోయిందా అని నాకు అన్నం దిగలేదు. పిండి రుబ్బేదీ ఆ నీళ్లతోనే. నా ఇడ్లీ వల్లా, నీళ్ల వల్లా? ఎవర్నని అడగను? అడిగితే రేపట్నుంచి కొట్టుకి ఎవడూ రాడు. అందుకని ఎగతాళిగా రాశాను. ఎవరో ఒకరు కోపంతోనైనా వచ్చి నీళ్లు పరీక్ష చేస్తారని. నన్ను నోరు ముయ్యమన్నారు గానీ, అవునో కాదో ఎవరూ చెప్పలేదు. నాకు బోర్డు లేకపోయినా పర్వాలేదండి. పిల్లలు దేనివల్ల పడుకున్నారో ఒక్కరు చెప్పండి చాలు."

పడవల్లో తల్లులు పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు.

"ఇది పీఠం ఊహించలేదు" అన్నారు పీఠంగారు.

నా కూతురికి ఇడ్లీలు తెచ్చింది నేనే. ఆ సంగతి చిట్టాకి అక్కర్లేదేమో గానీ రాశాను.

రాజుగారి పేరు పిలవగానే గోల మొదలైంది. పడవల్లోవాళ్లు తెడ్లతో చెక్కలు బాదారు. "దిగిపో", "ముందు ఆ గ్లాసు తాగు" అని కేకలు. పీఠంగారు నిశ్శబ్దం అన్నారు. ఎవరూ వినలేదు. గోడలోంచి వచ్చే గొంతుకి ఎవరు భయపడతారు? రాజుగారు బోనులో కాగితం పట్టుకుని నిలబడ్డారు.

అప్పుడు ఎస్తేరమ్మక్క బల్లెక్కింది.

"ఒరేయ్, తెడ్లు దింపండి! నా మాట వినకుండా తేల్చారనే కదా నేను ఇంత రచ్చ చేశాను? ఇప్పుడు మీరు చేసేదేంటి? ఆయన్ని చెప్పనివ్వండి. విన్నాక తిట్టాలంటే నేనే ముందు తిడతాను. విన్నాక!"

తెడ్లు దిగాయి.

రాజుగారు కాగితం చదవడం మొదలెట్టారు. అన్ని పరీక్షల్లోనూ నీళ్లు సవ్యంగా ఉన్నాయని, ప్రజల్లో భయం పుట్టించడం నేరమని. ఎవరూ అడ్డు రాలేదు. ఆయన తలెత్తి చూశారు. జనం నిజంగానే వింటున్నారు. కేకలేస్తుంటే చివరిదాకా చదివేసేవారేమో. ఆ నిశ్శబ్దంలో చదవలేకపోయారు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

శేషసాయి గారు లేచి దగ్గరికి వెళ్లారు. ఇద్దరూ ఏదో గుసగుసలాడారు. వకీలుగారు వద్దన్నట్టు తల ఊపారు, రాజుగారు ఆయన భుజం తట్టారు.

"మీటర్లు ఉప్పు ఒక్కటే కొలుస్తాయి" అన్నారు రాజుగారు. "కంపు కొలవవు, క్రిములు కొలవవు. ఫిల్టర్లు వానలప్పుడే అరిగిపోయాయి. కొత్తవి పంపమని ఒడ్డుమీది ఆఫీసుకి రాస్తూనే ఉన్నాను. ఓడ వస్తుంది, అప్పటిదాకా ఊళ్లో గగ్గోలు కాకుండా చూసుకో అన్నారు. ఇదిగో అదిగో అంటూ ఇంతదాకా వచ్చింది. మా ఇంట్లో నీళ్లు కాచి తాగుతున్నాం. మీకు ఆ ఒక్క మాట చెప్పడానికి నాకు ధైర్యం చాల్లేదు. కాచుకోండి అంటే ఎందుకని అడుగుతారు కదా. ఏ ఇంట్లో పిల్లలు పడుకున్నారో ఆస్పత్రిలో రోజూ కనుక్కుంటున్నాను. కనుక్కోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు." బోనులోంచి ఎస్తేరమ్మక్క వైపు తిరిగారు. "మీ ఇడ్లీల వల్ల కాదమ్మా."

ఎస్తేరమ్మక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిడతానన్న మనిషి తిట్టలేదు. కూర్చుండిపోయింది.

"ఇది కూడా పీఠం ఊహించలేదు" అన్నారు పీఠంగారు. ఆగి, "పిటిషనరు విషయంలో పీఠం ఊహ నూటికి తొంభై తొమ్మిది పాళ్లు సరైనదని లెక్క" అన్నారు. కొంచెం చిన్నబోయినట్టు అనిపించింది నాకు. అభిప్రాయం కాదు, విన్నది రాస్తున్నాను.

తీర్పు సోమవారం అన్నారు. రెండ్రోజులా అని జనం నోళ్లు వెళ్లబెట్టారు. "నీళ్లు కాచుకోవడానికి మాత్రం తీర్పు కోసం ఆగవద్దు" అని పీఠంగారు మైకులో చెప్పారు. పడవలు ఒక్కసారిగా ఇళ్లవైపు తిరిగాయి.

సోమవారం

తీర్పు చదివారు. పెద్దది కాదు.

ఎస్తేరమ్మ రాసినదాంట్లో అబద్ధం లేదు, పాత తీర్పు రద్దు. ఆవిడ ఇష్టమొచ్చింది రాసుకోవచ్చు. అది తప్పని కమిషనరుకి అనిపిస్తే ప్లాంటు గోడ మీద ఆయన కూడా ఒక బోర్డు పెట్టి జవాబు రాసుకోవచ్చు. ఇక నుంచి నీళ్ల పరీక్షల ఫలితాలు అందరికీ కనబడేలా ఉంచాలి. కంపు చూడడానికి రోజుకొకర్ని చొప్పున ఊరివాళ్లనే పిలవాలి. ఫిల్టర్ల సంగతి ఒడ్డుమీది ఆఫీసుకి కోర్టు తరఫున రాయడమైంది.

వెనక బల్లమీంచి ఎవరో లేచి, "మరి రాజుగారికి శిక్ష ఏదండీ?" అన్నారు.

"ఆ కేసు పీఠం ముందు లేదు. ఎవరైనా వేస్తే, అప్పుడు కూడా ఆయన్ని విన్నాకే తేలుతుంది."

అడిగినాయన గొణుక్కుంటూ కూర్చున్నాడు.

ఆఖర్న పీఠంగారు ఒక వాక్యం చేర్చారు. "ఊహను విని, మనిషిని విన్నామనుకోవడం పీఠం పొరపాటు. ఆ విధంగా తేలిన కేసులలో, కోరినవారిని మరల వినడం జరుగుతుంది."

నేను కలం కింద పెట్టాను. "ఆ విధంగా తేలినవి ఏవండీ?"

"అన్నీ."

ఆ తర్వాతి నెల, బుధవారం

చిట్టా రాయడానికి తీరిక లేక చాలా రోజులైంది. ఫిల్టర్లు వచ్చాయి. ఒడ్డుమీది ఆఫీసువాళ్లు కోర్టు ఉత్తరం చూసి కంగారుపడి రెండు ఓడల్లో రెండు సెట్లు పంపారు. నీళ్లు ఇప్పుడు నీళ్లలా ఉన్నాయి. నా కూతురు మళ్లీ నా ప్రాణం తీస్తోంది, బాగానే ఉందన్నమాట. రాజుగారి మీద కేసు పడింది. ఆయన తరఫున వకీలు శేషసాయి గారే వాదిస్తున్నారు, ఇప్పుడు ఆయన్ని ఆపడం కష్టమైపోతోంది. మొన్న భోజనాల వేళ దాటిపోయినా వదల్లేదు.

రోజూ పొద్దున్నే కోర్టు ముందు పడవల వరస. ఎప్పుడో ఓడిపోయిన తగాదాలన్నీ పట్టుకొస్తున్నారు. ఒకాయన బాతు గురించి వచ్చి పూటంతా తన చిన్నతనం చెప్పుకున్నాడు. పీఠంగారు ఒక్కసారీ అడ్డుకోలేదు. ఆయన వెళ్లాక, "బాతు సంగతి చివరికి చెప్పలేదు" అన్నారు నాతో. "రేపు మళ్లీ వస్తాడండి" అన్నాను.

ఈ రోజు జాబితాలో మొదటి పేరు చూసి నేను కుర్చీలో కూలబడ్డాను. పెళ్లయిన దగ్గర్నుంచీ మా ఆయన్ని "ఏవండీ" అనే పిలిచాను. చిట్టాలో రాయడం వేరు, నోటితో పేరు పెట్టి పిలిచింది లేదు. పిలవక తప్పుతుందా? లేచి నిలబడి ఊరంతా వినేలా మూడుసార్లు పిలిచాను. "కొప్పిశెట్టి సింహాద్రీ!"

నవ్వుతూ వచ్చి బోనెక్కాడు. "మొదటిసారికే వచ్చేవాణ్ని గానీ, ఇంకో రెండు వినాలనిపించిందండి" అన్నాడు పీఠంగారితో. బల్లలు విరగబడి నవ్వాయి.

"పిటిషనరు ఫిర్యాదు ఏమిటి?"

"మా ఇంటి తెప్పని ఊరి అంచుకి మార్చమని నాలుగేళ్ల కింద అడిగానండి. కుదరదన్నారు. కారణం నన్ను అడగలేదు."

నాకు చెప్పనేలేదు ఆ సంగతి. తెల్లబోయి చూస్తున్నాను.

"కారణం చెప్పండి."

సింహాద్రి నా వంక చూసి, గొంతు తగ్గించాడు. "మా ఆవిడ నిద్రలో గట్టిగా మాట్లాడుద్దండి. తీర్పులు చదువుద్ది. పక్క తెప్పలవాళ్ల మీద తన అభిప్రాయాలన్నీ పేర్లతో సహా చెప్పుద్ది. కోర్టులో అభిప్రాయం ఉండకూడదంటారు కదా, అవన్నీ రాత్రికి బయటికొస్తాయి. పక్కవాళ్లు కిటికీలు తీసుకుని మరీ వింటున్నారండి. తనకి తెలిస్తే సిగ్గుపడుద్దని ఇన్నాళ్లూ చెప్పలేదు."

హాలులో కిటికీ పక్క కూర్చున్న మా పొరుగువాళ్లిద్దరు తలలు దించుకున్నారు. నా మొహం మండిపోయింది.

పీఠంగారు చాలా మర్యాదగా అడిగారు. "ఇది కుటుంబ విషయము. అటెండరు కోరితే మిగిలిన విచారణ ఏకాంతంగా జరుపవచ్చును. మీ అభిప్రాయం?"

నన్ను అభిప్రాయం అడిగారు! హాలంతా నావైపు తిరిగింది. పడవల్లోవాళ్లు లేచి నిలబడ్డారు. ఎస్తేరమ్మక్క ముందు బల్లమీంచి పళ్లన్నీ కనబడేలా నవ్వుతోంది.

"వద్దండి" అన్నాను. "అందరి ముందే వినండి. ఎలాగూ విన్నవాళ్లే కదా."

చప్పట్లు మోగుతుంటే నేను సింహాద్రి వైపు వంగి, "ఇంటికి రండి, చెప్తాను" అన్నాను, ఆయనకి మాత్రమే వినబడేలా.

"అటెండరు ఇప్పుడు అన్న మాట చిట్టాలోకి ఎక్కాలా?" అన్నారు పీఠంగారు.

"ఎక్కించేశానండి."